పిల్లల గుండె వాల్వ్ రిపేర్: ఎంసీహెచ్ తర్వాత మొదలయ్యే చదువు

గుండె సర్జరీలో మూడేళ్ల సూపర్ స్పెషాలిటీ డిగ్రీ ఎంసీహెచ్ ముగిసేసరికి మన గుండె సర్జన్లకు బైపాస్ గ్రాఫ్టులు, రుమాటిక్ జబ్బుతో పాడైన వాల్వ్‌ల మార్పిడి, ఏఎస్‌డీ, వీఎస్‌డీల (గుండె గదుల మధ్య గోడల్లో ఉండే రంధ్రాలు) మూసివేత చేతికి వచ్చేస్తాయి. పుట్టుకతోనే తేడాగా ఉన్న వాల్వ్‌ను సరిచేయడం మాత్రం ఆ వయసుకి రాదు. కేసులు తక్కువ, ఉన్నవి పెద్ద సర్జన్ చేతికే వెళ్తాయి, పైగా ఏ రెండు వాల్వ్‌లూ ఒకలా ఉండవు. అందుకే ఈ విద్య డిగ్రీ తర్వాతే నేర్చుకోవాలి, పదవీ విరమణ దాకా నేర్చుకుంటూనే ఉండాలి. వైద్య మండలి అడిగే నిరంతర విద్య క్రెడిట్ గంటలు హోటల్ హాల్లో స్లైడ్లు చూసినా పూర్తవుతాయి. వాల్వ్ రిపేర్ అలా రాదు.

మా అభిప్రాయం ముందే చెప్తాం. చాలా కోర్సులు కుట్టు నేర్పడానికి రోజంతా వెచ్చించి, వాల్వ్‌ను చదవడానికి అరగంట ఇస్తున్నాయి. ఇది తలకిందులుగా ఉంది. లీక్ ఎక్కడ నుంచి వస్తోంది, ఎందుకు వస్తోంది, ఇందులో వాడుకోదగ్గ కణజాలం ఎంత ఉంది అన్న మూడు ప్రశ్నలకు జవాబు దొరికితే కుట్టు దానంతట అదే తేలుతుంది.

ఇంత పట్టుదల ఎందుకంటే, చిన్నపిల్లలకు మార్పిడి అనేది మంచి దారి కాదు. అమెరికాలో 15 మి.మీ. మెకానికల్ వాల్వ్‌కు 2018లో అనుమతి వచ్చింది. అంతకంటే చిన్న వాల్వ్ వలయం (రెక్కలు అతుక్కుని ఉండే చుట్టు) ఉన్న పసిబిడ్డకు అదీ పట్టదు. పట్టినా బిడ్డ పెరుగుతుంది, వాల్వ్ పెరగదు, మళ్ళీ ఆపరేషన్ తప్పదు. ఇక మెకానికల్ వాల్వ్ మీద రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్ సంగతి. రక్తం ఎంతసేపటికి గడ్డకడుతోందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష క్రమం తప్పకుండా చేయించాలి. ల్యాబ్‌కి వెళ్ళిరావడానికి ఒక రోజు కూలి పోగొట్టుకునే కుటుంబాన్ని ఏళ్ల తరబడి ఆ పని చేయమనడం ఎంత బరువో ఏ ఓపీలోనైనా కనిపిస్తుంది. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక, 2021లో తిరుపతిలో తితిదే శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం తెరిచాక ఆపరేషన్ గదిదాకా రావడం చాలామంది బిడ్డలకు వీలైంది. గది లోపల జరిగే రిపేర్ పదేళ్లు నిలిచేలా ఉండాలన్నది ఇప్పుడు సర్జన్ల మీద పడిన బాధ్యత.

వాల్వ్‌ను చదవడం: ఏవీఎస్‌డీ ఉదాహరణ

ఫ్రెంచ్ సర్జన్ అలైన్ కార్పెంటియర్ లీక్‌ను మూడు రకాలుగా చేసిన విభజనతోనే ఎవరైనా మొదలుపెట్టాలి. వాల్వ్‌లో తెరుచుకుని మూసుకునే రెక్కల కదలిక మామూలుగా ఉండీ లీక్ అవుతుంటే మొదటి రకం: వలయం సాగింది, లేదా రెక్కలో చీలికో రంధ్రమో ఉంది. రెక్క అంచు వలయం మట్టాన్ని దాటి కర్ణికలోకి పోతుంటే రెండో రకం. రెక్క కదలలేక బిగుసుకుపోతే మూడోది. పుట్టుకతో వచ్చే లోపాల్లో ఇవి కలగలిసి ఉంటాయి. కేసు షీట్లో తీవ్రమైన లీక్ అని రాసి వదిలేయకుండా, లీక్ ఉన్న ప్రతి చోటుకీ దాని రకం రాయించడం అలవాటు చేస్తే ట్రైనీల చూపు కొన్ని నెలల్లోనే మారుతుంది.

నేర్చుకోవడానికి అన్నిటికంటే పనికొచ్చేది పూర్తి ఏవీఎస్‌డీ, అంటే గుండె మధ్య గోడలో పెద్ద రంధ్రం, రెండు వాల్వ్‌లకు బదులు ఒకటే ఉండే లోపం. అందులోనూ వాల్వ్ ఎడమవైపు భాగం. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో ఎక్కువగా కనిపించే ఈ లోపాన్ని సాధారణంగా మూడు నుంచి ఆరు నెలల వయసులో సరిచేస్తారు. ఆలస్యమైతే ఊపిరితిత్తుల రక్తనాళాలు పాడవుతాయి. ఇక్కడ మైట్రల్ వేరు, ట్రైకస్పిడ్ వేరు కాదు. రెండు జఠరికల మీదా పరుచుకున్న ఒకే వాల్వ్, అయిదు రెక్కలు. పైన ఒకటి, కింద ఒకటి, జఠరికల మధ్య గోడ మీదుగా దాటే బ్రిడ్జింగ్ రెక్కలు. సర్జన్ రాస్టెల్లి 1966లో చేసిన ఏ, బీ, సీ విభజన పై బ్రిడ్జింగ్ రెక్క ఎంతవరకు దాటింది, దాన్ని కిందికి పట్టి ఉంచే కార్డే దారాలు ఎక్కడ అతుక్కున్నాయి అన్నదాన్ని బట్టి ఉంటుంది.

మామూలు మైట్రల్‌లో వెనక రెక్క వలయం చుట్టూ మూడింట రెండొంతులు ఉంటుంది. ఏవీఎస్‌డీలో దానికి బదులుండే మ్యూరల్ రెక్క మూడో వంతు కూడా ఉండదు. కార్డే మొదలయ్యే పాపిలరీ కండరాలు కూడా స్థానం తిరిగి, ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. అందుకే పెద్దవాళ్ల మైట్రల్ రిపేర్‌లో ఆరితేరిన సర్జన్ కూడా ఇక్కడ తడబడతారు. పెద్దవాళ్లలో చేసినట్టు వెనక భాగం బిగించి లీక్ ఆపుదామంటే, అసలే చిన్నదైన మ్యూరల్ రెక్క మడతపడి వాల్వ్ ఇరుకవుతుంది.

ఎడమవైపు పై, కింది బ్రిడ్జింగ్ రెక్కల మధ్య ఉండే చీలికను, అంటే క్లెఫ్ట్‌ను, మూయడం ఈ ఆపరేషన్‌లో సగం ఫలితాన్ని నిర్ణయిస్తుంది. గోడ ముట్టుకోకముందే జఠరికలో చల్లని సెలైన్ నింపి వాల్వ్‌ను తేలనివ్వాలి. పై, కింది బ్రిడ్జింగ్ రెక్కలు తమంతట తాము ఎక్కడ కలుస్తున్నాయో చూసి, గోడ దగ్గరి ఆ కలయిక చోట సన్నని 6-0 లేదా 7-0 పాలీప్రొపిలిన్ దారంతో ఒక గుర్తు కుట్టు వేయాలి. రంధ్రం మూసే ప్యాచ్ వేశాక ఆ చోటు మళ్ళీ దొరకదు, రెక్కలు సాగిన కొలతలే మారిపోతాయి. ఈ గుర్తు మరిచిపోయి తర్వాత కంటితో అంచనా వేసి కుడితే రెండు అంచులు రెండు మూడు మిల్లీమీటర్లు అటూఇటూ జరుగుతాయి. క్లెఫ్ట్ మూసుకుంటుంది, లీక్ మధ్యలో మిగులుతుంది.

గుర్తు కుట్టు నుంచి లోపలికి విడివిడి కుట్లు వేస్తూ, మొదటి కార్డే అంటుకున్న చోట ఆగాలి. అంచు నుంచి ఒకటి, ఒకటిన్నర మి.మీ. కణజాలం తీసుకుంటే చాలు. అంచు మందంగా ముడుచుకుని ఉంటే దాన్ని విప్పి, అసలు ముఖాలు కలిసేలా కుట్టాలి. మూడు నెలల బిడ్డ రెక్క జిగురులా మెత్తగా ఉంటుంది. ముడి కొంచెం గట్టిగా లాగితే దారం రెక్కను కోసేస్తుంది, అది ఆ రోజు తెలియదు. వారం రోజులకు క్లెఫ్ట్ విచ్చుకుని లీక్ బయటపడుతుంది. అంచులు దగ్గరికి రావడానికి బలం పెట్టాల్సి వస్తోందంటే కణజాలం సరిపోలేదని అర్థం. అప్పుడు బిడ్డ సొంత పెరికార్డియం (గుండె పైపొర) ముక్కలు దన్నుగా పెట్టి కుట్టడమో, రెక్కకు ప్యాచ్ కలిపి వెడల్పు చేయడమో చేయాలి తప్ప ఇంకా గట్టిగా బిగించకూడదు.

పూర్తిగా మూయకూడని క్లెఫ్ట్‌లూ ఉన్నాయి. కార్డే అన్నీ ఒకే పాపిలరీ కండరానికి చేరితే, లేదా వాల్వ్‌కు రెండు ద్వారాలుంటే, క్లెఫ్టే ప్రధాన దారి. అది మూస్తే వాల్వ్ ఇరుకవుతుంది. అలాంటప్పుడు కొంత భాగం వదిలి, కొద్దిపాటి లీక్‌ను ఒప్పుకోవాలి. రెండు ద్వారాల మధ్య వంతెనలా ఉన్న కణజాలాన్ని కోయకూడదు, అది కోస్తే రెక్కకు ఆధారమే పోతుంది.

ప్యాచ్ కూడా వాల్వ్ రిపేర్‌లో భాగమే. వీఎస్‌డీ ప్యాచ్ ఎత్తు ఎక్కువైతే రెక్కలు కర్ణిక వైపు పొంగుతాయి, తక్కువైతే కిందికి లాగుకుపోతాయి, వెడల్పు ఎక్కువైతే దూరం జరుగుతాయి. మూడింట్లో ఏదైనా లీకే. జఠరిక నిండి ఉన్నప్పుడు వలయం మట్టానికి ప్యాచ్ పై అంచు రావాలి. కింది మూలలో గుండెను కొట్టించే కరెంటు కట్ట ఉంటుంది. ఆ కరెంటును జఠరికలకు అందించే ఏవీ నోడ్ ఇక్కడ మామూలు చోట ఉండదు, కిందికి, గుండె సిరల రక్తం వచ్చే కరోనరీ సైనస్ వైపు జరిగి ఉంటుంది. అక్కడ కుట్లు గోడకు కుడివైపు, అంచుకు దూరంగా పడాలి. హార్ట్ బ్లాక్‌తో శాశ్వత పేస్‌మేకర్ వేయాల్సి రావడం ఆ మూలలో పడిన ఒక్క సూది వల్లే జరగవచ్చు.

ఏవీఎస్‌డీ పిల్లలకు మళ్ళీ ఆపరేషన్ అవసరమయ్యే ముఖ్య కారణం ఎడమ వాల్వ్ లీకే. శిక్షణ సమయం అక్కడే ఎక్కువ పెట్టమనడం అందుకే.

మేక గుండెతో బల్ల మీద సాధన

దీనికి ఖరీదైన సిమ్యులేటర్ అక్కర్లేదు. మేక, గొర్రె గుండె బడి ఈడు పిల్లల గుండెకు దగ్గరి పరిమాణంలో ఉంటుంది. పంది గుండె పెద్దవాళ్లకు దగ్గర. కబేళాలో తనిఖీ కోసం గుండెను కోసి చూస్తారు, మటన్ కొట్టులోనూ చీల్చే ఇస్తారు. కోయకుండా, కర్ణికలతో, అయిదారు సెంటీమీటర్ల బృహద్ధమనితో, పైపొర పెరికార్డియంతో సహా కావాలని ముందురోజే చెప్పి పెట్టుకోవాలి. తెచ్చాక చల్లటి నీళ్లతో గడ్డలు కడిగి ఐస్ మీద ఉంచాలి. డీప్ ఫ్రీజ్ చేసి కరిగిస్తే రెక్కలు నీరు పట్టి సాధనకు పనికిరావు. గొర్రె, మేక గుండెలో బృహద్ధమని మొదట్లో గట్టి మృదులాస్థి, కొన్నిసార్లు ఎముకే తగులుతుంది. సూది వంగితే కంగారు పడక్కర్లేదు.

ఒక్కో గుండెకు ఇద్దరు, రెండు బల్లలకు ఒక గురువు ఉంటే నడుస్తుంది. గడువు దాటిన దారాలు వాడుకోవచ్చు. పరికరాల సెట్టు మాత్రం విడిగా ఉండాలి, ఆపరేషన్ థియేటర్ నుంచి తెచ్చి తిరిగి పంపడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. మిగిలిన కణజాలం 2016 బయోమెడికల్ వ్యర్థాల నియమాల ప్రకారం పసుపు సంచిలోకి పోవాలి.

ముందుగా నీటి ఏర్పాటు. ఎడమ జఠరిక కొన దగ్గర పర్స్ స్ట్రింగ్ (సంచి మూతిలా బిగించే కుట్టు) వేసి ట్యూబు దించండి. బృహద్ధమనికి క్లాంప్ పెట్టండి. సెలైన్ సంచిని గుండె మట్టానికి 100 సెం.మీ. ఎత్తున వేలాడదీస్తే సుమారు 74 మి.మీ. మెర్క్యురీ పీడనం వస్తుంది, పసిబిడ్డ రక్తపోటుకు దగ్గరే. ఎడమ కర్ణిక తెరిచి పైనుంచి చూడండి. గుండెకే రక్తమిచ్చే కరోనరీ ధమనుల గుండా కొంత నీరు పోతుంది, దాన్ని పట్టించుకోనక్కర్లేదు. 30 సెకన్లలో వాల్వ్ గుండా ఎన్ని మి.లీ. కారిందో కొలజాడీతో కొలిచి రాసుకోవాలి. ఆ అంకె లేకపోతే రిపేర్ బాగుందా లేదా అన్నది అభిప్రాయంగానే మిగిలిపోతుంది.

ఇప్పుడు ముందు రెక్కను మధ్యలో అంచు నుంచి మొదలు వైపు కోసి, మూడు నాలుగు మి.మీ. వదిలేయండి. క్లెఫ్ట్ తయారైంది. మొదటిసారి కావాలనే అంచులు రెండు మి.మీ. తేడాతో కుట్టి లీక్ కొలవండి. కుట్లు విప్పి, సరిగ్గా కలిపి కుట్టి మళ్ళీ కొలవండి. తప్పు ఎంత లీక్ తెస్తుందో ఇలా కొలిచి చూసిన సర్జన్ ఆ గుర్తు కుట్టును ఇక మరవరు. ఒక హెచ్చరిక: ఈ నమూనా కుట్టుకే పరిమితం. విడిగా వచ్చే మైట్రల్ క్లెఫ్ట్ బృహద్ధమని దారి వైపు చూస్తుంది, ఏవీఎస్‌డీ క్లెఫ్ట్ గోడ వైపు చూస్తుంది. మేక గుండె ఈ తేడాను చూపించలేదు. 7-0 దారం సాధనకు కుడివైపు ట్రైకస్పిడ్ రెక్కలు మేలు, అవి పలచగా ఉంటాయి.

తర్వాత కమిషర్ల (రెక్కలు ఒకదానికొకటి కలిసే మూలలు) దగ్గర వలయాన్ని బిగించే కుట్లు. బిడ్డ ఎత్తు, బరువులకు తగ్గ వలయం సైజు పట్టికలో చూసి ఆ సైజు హెగార్ డైలేటర్ (కొలత కడ్డీ) వాల్వ్‌లోంచి పోయేలా బిగించాలి. పెరిగే బిడ్డకు చుట్టూ పూర్తిగా గట్టి రింగు వేస్తే రేపటి ఇరుకును ఈ రోజే కుట్టినట్టు. వెనక వలయంలో సూది లోతుకు పోతే సర్కమ్‌ఫ్లెక్స్ ధమని చిక్కుతుంది. సాధన అయ్యాక ఆ ధమనిని చీల్చి చూసి ఎన్ని కుట్లు దాన్ని తాకాయో లెక్కపెట్టమనండి. పీటీఎఫ్ఈ దారంతో కృత్రిమ కార్డే వేయడం కూడా ఇక్కడే నేర్చుకోవాలి. ఆ దారం జారుతుంది, ముడి బిగిసేలోపే పొడవు మారిపోతుంది. పక్కనున్న మంచి రెక్క అంచును కొలతగా పెట్టుకుని ముందు పొడవు ఖాయం చేసి, తర్వాతే ఆరు నుంచి ఎనిమిది ముళ్లు వేయాలి.

పెరికార్డియం ముక్క మిగిలి ఉంటే పారేయకండి. జపాన్ సర్జన్ ఒజాకి పద్ధతిలో బృహద్ధమని రెక్కల కోసం పెరికార్డియాన్ని, కణజాలాన్ని గట్టిపరిచే 0.6 శాతం గ్లూటరాల్డిహైడ్‌లో 10 నిమిషాలు ఉంచి, సెలైన్‌లో మూడుసార్లు, ఒక్కోసారి 6 నిమిషాలు కడుగుతారు. ఆ ద్రావణం ఆవిరి కళ్లనూ గొంతునూ మండిస్తుంది, గాలి ఆడే గదిలో గ్లవ్స్‌తో చేయాలి.

అరుదైన, సంక్లిష్టమైన లోపాలకు త్రీడీ ప్రింట్ నమూనాలు ఉన్నాయి. టొరంటోలోని సిక్‌కిడ్స్ ఆసుపత్రి బృందం నిజమైన రోగుల స్కాన్ల నుంచి తయారుచేసిన గుండె నమూనాలతో సర్జన్లకు చేతి సాధన శిక్షణ ఇస్తోంది. లోపం ఆకారం అచ్చంగా వస్తుంది, అది వాటి గొప్ప. పలచని రెక్కలనూ కార్డేనూ చేతికి నిజంలా తోపించడం వాటికి కష్టం. ఆకారం కోసం నమూనా, చేతి స్పర్శ కోసం మేక గుండె, రెండూ కావాలి.

ఎబ్‌స్టీన్, బృహద్ధమని వాల్వ్: కొద్దిగా

విల్‌హెల్మ్ ఎబ్‌స్టీన్ 1866లో వర్ణించిన లోపంలో ట్రైకస్పిడ్ రెక్కలు జఠరిక గోడ నుంచి విడివడకుండా ఉండిపోతాయి. బ్రెజిల్‌కు చెందిన జోసే పెడ్రో డ సిల్వా కోన్ రిపేర్‌లో ఆ రెక్కలను గోడ నుంచి విడదీసి, గడియారం ముల్లు దిశలో తిప్పి, శంకువులా కలిపి, అసలు వలయానికి కుడతారు. విడదీయడమే ఇందులో నైపుణ్యమంతా. పిరికిగా ఆపితే శంకువు పొట్టిదై బిగుసుకుంటుంది, దూకుడుగా పోతే రెక్క చిల్లుపడుతుంది. వలయాన్ని ముడిచేటప్పుడు కుడి కరోనరీ మెలిపడి జఠరిక చతికిలపడవచ్చు. ఇది ఏడాదికి రెండు మూడు కేసులు చేసే చోట ఒంటరిగా మొదలుపెట్టే ఆపరేషన్ కాదు. అనుభవజ్ఞుడిని పక్కన నిలబెట్టుకునే చేయాలి.

వీఎస్‌డీ వల్ల బృహద్ధమని రెక్క జారడం మన దేశంలో తరచుగా చూసేదే. ట్రస్లర్ పద్ధతిలో జారిన రెక్క అంచును కమిషర్ దగ్గర మడిచి పొట్టి చేస్తారు. కొలత లేకుండా మడవొద్దు. మూడు రెక్కల మధ్య బిందువులను ఒక సన్నని కుట్టుతో కలిపి పట్టుకుంటే జారిన రెక్క ఎంత అదనంగా ఉందో తేలిపోతుంది.

సెలైన్ నమ్మించేది, ఎకో పట్టించేది

ఆగి, మెత్తబడి ఉన్న గుండెలో చేసే సెలైన్ పరీక్ష ఒక సూచన మాత్రమే. పాపిలరీ కండరాలు బిగువుగా లేవు, రిట్రాక్టర్ వలయాన్ని లాగుతోంది, జఠరిక సగమే నిండింది. లాగుడు కుట్లన్నీ వదిలి, జఠరికను పూర్తిగా నింపి, రెక్కలు కలిసే గీత సాఫీగా ఉందో లేదో చూడాలి. అయినా అసలు తీర్పు బైపాస్ (గుండె, ఊపిరితిత్తుల పని చేసే యంత్రం) దిగాక, అన్నవాహిక గుండా తీసే టీఈఈ ఎకోదే. దానికీ షరతులున్నాయి. రక్తపోటు వయసుకు తగినంత ఉండాలి. 50 సిస్టోలిక్ మీద చిన్నదిగా కనిపించిన లీక్ ఐసీయూలో 80 మీద మధ్యస్థం అవుతుంది. గుండె వేగం 160 ఉన్నప్పుడు గ్రేడియెంట్ (వాల్వ్‌కు అటూఇటూ పీడన తేడా) ఎక్కువగా కనిపిస్తుంది, వేగంతో కలిపే అంకె రాయాలి.

మధ్యస్థం, అంతకుమించి లీక్ ఉంటే మళ్ళీ బైపాస్ ఎక్కి సరిచేయాలి. ఈ నియమాన్ని కోత పెట్టకముందే సర్జన్, ఎకో డాక్టర్, మత్తు డాక్టర్, బైపాస్ యంత్రం నడిపే పెర్ఫ్యూజనిస్ట్ నలుగురూ ఒప్పుకుని ఉండాలి. గుండెకు రక్తం ఆపే క్లాంప్ పెట్టి గంటన్నర గడిచాక అలిసిన మనసుతో చర్చ మొదలుపెడితే, పర్లేదులే అన్న మాటే గెలుస్తుంది. అందుకే కోర్సులకు సర్జన్ ఒక్కరే వెళ్ళడం కంటే బృందం వెళ్ళడం మేలంటాం. ఐసీయూలో మూత్రం కోలా రంగుకు మారితే, చిన్న లీకైనా ప్యాచ్‌ను వేగంగా తాకి రక్తకణాలను చిదుపుతోందేమో చూడాలి. నర్సులకు కూడా ఈ విషయం నేర్పాలి.

లెక్క రాయడం

లండన్ గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ ఆసుపత్రి సర్జన్ మార్క్ ద లెవాల్ 1994లో తన ఆర్టీరియల్ స్విచ్ (పుట్టుకతో తారుమారైన పెద్ద ధమనులను సరిచేసే) ఆపరేషన్ల లెక్కలన్నీ బయటపెట్టారు. మొత్తం 104 మంది. మొదటి 52 మందిలో ఒక మరణం. ఆ తర్వాతి పదహారు మందిలో ఏడు. అంత పేరున్న సర్జన్ తన పనితీరు ఎక్కడ జారిందో గ్రాఫ్ గీసి వెతికారు, మళ్ళీ శిక్షణ తీసుకున్నారు, తర్వాత ఫలితాలు మెరుగయ్యాయి. నిరంతర విద్య అంటే మాకు గుర్తొచ్చేది ఈ పనే.

కేసు కేసుకూ ఫలితాన్ని కూడుతూ పోయే ఆ కూసమ్ గ్రాఫ్‌ను ఎవరైనా కాగితం మీద గీయవచ్చు. పది మందిలో ఒకరికి డిశ్చార్జి నాటికి మధ్యస్థ లీక్ మిగలవచ్చని అంచనా పెట్టుకుందాం. రిపేర్ నిలిచిన ప్రతి కేసుకూ గీత 0.1 కిందికి, నిలవని కేసుకు 0.9 పైకి. గీత వరసగా పైకి పోతుంటే ఆగి, వీడియోలు తీసి చూడాలి. ఒక్కో కేసుకు రాసుకోవలసినవి: బరువు, వలయం కొలత, లీక్ రకం, చేసిన పద్ధతి, క్లాంప్ సమయం, రెండోసారి బైపాస్ ఎక్కారా, టీఈఈలో లీక్, డిశ్చార్జి ఎకో, ఆరు నెలల ఎకో. టీఈఈకీ డిశ్చార్జి ఎకోకీ తరచూ తేడా వస్తోందంటే లోపం చేతిలో కంటే ఎకో చేసే పరిస్థితుల్లో ఉండే అవకాశం ఎక్కువ. బోస్టన్ పిల్లల ఆసుపత్రి మొదలుపెట్టిన, పిల్లల గుండె ఆపరేషన్ల ఫలితాలు నమోదు చేసే ఐక్యూఐసీ లాంటి ఉమ్మడి డేటాబేస్‌లో మన దేశపు ఆసుపత్రులు కూడా ఉన్నాయి. అందులో చేరితే ఇతరులతో పోల్చి చూసుకోవడం కుదురుతుంది.

ఆరు నెలల గడిలో బిడ్డ రాకపోతే ఖాళీ వదలకండి, బాగున్నట్టు అనుకుని టిక్ పెట్టకండి. తెలియదు అని రాయండి, నెలకోసారి ఆ పేర్లు తీసి తల్లిదండ్రులకు ఫోన్ చేయించండి. ఊరికి దగ్గరలో ఎకో చేసే పిల్లల డాక్టర్ ఉంటే అక్కడే తీయించి ఫైలు పంపించుకోండి. ఎడమ వాల్వ్ వీడియో కర్ణిక వైపు నుంచీ, నాలుగు గదుల వ్యూలోనూ కనీసం మూడు హృదయ స్పందనల పాటు ఉండాలని, తీసేటప్పుడు బీపీ ఎంత ఉందో రాయాలని ఆ డాక్టర్‌కు ముందే చెప్పండి.